భయానక చిత్రాల ట్రైలర్లు: హెచ్చరించే గొంతు చరిత్ర

సినిమా విడుదలకు ముందు అందులోంచి ఏరిన దృశ్యాలను రెండు, రెండున్నర నిమిషాల నిడివిలో కూర్చి ప్రదర్శించే ప్రకటన చిత్రాన్ని ట్రైలర్ అంటారు. హాస్యచిత్రం ట్రైలర్ నాలుగు నవ్వులు పంచి, ప్రేమకథ ట్రైలర్ నాయికానాయకులను చూపించి తన పని ముగించుకోవచ్చు గానీ, భయానక చిత్రం ట్రైలర్‌కు ఆ వెసులుబాటు లేదు. భయానికి కారణమైనదాన్ని చూపించేస్తే హాల్లో చూడడానికి ఏమీ మిగలదు, బొత్తిగా చూపించకపోతే టికెట్ కొనాలన్న ఆత్రం పుట్టదు. ఈ ఇరకాటం నుంచి బయటపడడానికి ఆ వృత్తిలోనివారు వందేళ్లకు పైగా తొక్కిన దారులు అనేకమే అయినా, వాటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: రాబోయేది భయంకరమైనదన్న సంగతి ప్రేక్షకుడికి ఎవరు చెప్పాలి? తొలినాళ్లలో ఒక మనిషి ఎదుటికి వచ్చి స్వయంగా హెచ్చరించేవాడు. కొంతకాలానికి మనిషి తప్పుకొని గొంతు మాత్రం మిగిలింది. ఆ తర్వాత గొంతు కూడా తప్పుకొని, ఆ బరువును చప్పుళ్లకూ నిశ్శబ్దానికీ అప్పగించింది. భయానక ట్రైలర్ చరిత్రను ఈ హెచ్చరించే గొంతు తెరమరుగైన క్రమంగా చదువుకోవచ్చు.

హెచ్చరిక సినిమాతో పుట్టింది కాదు. ఎటియెన్ గాస్పార్ రాబర్ట్‌సన్ అనే ప్రదర్శకుడు 1798లో పారిస్‌లో ఫాంటస్మగోరియా పేరుతో ప్రేతదర్శనాలు మొదలుపెట్టి, మరుసటి ఏడాది వాటిని విప్లవకాలంలో ఖాళీ అయిన కాపుచిన్ సన్యాసినుల మఠంలోకి మార్చాడు. ఈ ప్రదర్శనలకు ఆధారం మాయాదీపం, అంటే గాజుపలకల మీద గీసిన బొమ్మలను దీపం వెలుగుతో తెర మీద పడేసే యంత్రం. దాన్ని చక్రాల మీద ముందుకూ వెనక్కూ జరపడం వల్ల తెర మీది ఆకారం ప్రేక్షకుల మీదికి వస్తున్నట్టు పెరిగేది. అయితే రాబర్ట్‌సన్ నేర్పు యంత్రంలో కన్నా ఆ యంత్రం దాకా జనాన్ని నడిపించిన తీరులో ఉంది. వచ్చినవారిని మఠంలోని మసకచీకటి దారుల గుండా తీసుకువెళ్లి, చనిపోయినవారి గురించి గంభీరంగా ఉపన్యసించి, గాజు గిన్నెల అంచుల మీద తడివేళ్లతో పలికించే హార్మోనికా నాదం వినిపించి, దీపాలన్నీ ఆర్పిన తర్వాత గానీ మొదటి బొమ్మ చూపించేవాడు కాడు. బొమ్మ కనపడేసరికే సగం పని అయిపోయి ఉండేది. దాదాపు వందేళ్ల తర్వాత, 1897లో, అదే నగరంలో ఆస్కార్ మెటెనియే గ్రాంగ్ గిన్యోల్ అనే చిన్న నాటకశాల తెరిచాడు. అతని తర్వాత దాన్ని నడిపిన మాక్స్ మోరే హాల్లో ఒక వైద్యుణ్ణి సిద్ధంగా ఉంచేవాడనీ, ఎంతమంది మూర్ఛపోయారన్న లెక్కను బట్టి నాటకం జయాపజయాలు అంచనా వేసేవాడనీ ప్రతీతి. వైద్యుడి వల్ల మూర్ఛపోయినవారికి కలిగిన మేలు సంగతి ఎలా ఉన్నా, వైద్యుడు ఉన్నాడన్న వార్త నాటకశాలకు చేసిన మేలు తక్కువది కాదు. భయానక చిత్రాల ప్రచారం ఈ పాఠాన్ని చాలాకాలం మరిచిపోలేదు.

సినిమా ట్రైలర్ 1913లో అమెరికాలో మొదలైందని సాధారణంగా చెబుతారు. మార్కస్ లోవ్ థియేటర్ల ప్రచార బాధ్యతలు చూసే నిల్స్ గ్రాన్‌లండ్ ఒక సంగీత నాటకం రిహార్సల్ దృశ్యాలను చిన్న చిత్రంగా కూర్చి థియేటర్‌లో వేయించాడు. ఇలాంటి ముక్కలను తొలిరోజుల్లో సినిమా అయిపోయాక వేసేవారు. జనం లేచి వెళ్లిపోతున్నారని గ్రహించాక అసలు సినిమాకు ముందుకు జరిపారు. 1919లో న్యూయార్క్‌లో ఏర్పడిన నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ క్రమంగా స్టూడియోలతో ఒప్పందాలు కుదుర్చుకుని కొన్ని దశాబ్దాల పాటు ట్రైలర్ల తయారీలో అధిక భాగాన్ని తన చేతిలో ఉంచుకుంది. అన్ని సినిమాల ట్రైలర్లూ ఒకే కుండలో వండినట్టు ఉండడానికి ఇదే కారణం: తెరకు అడ్డంగా దూసుకువచ్చే పెద్ద అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, తారల పేర్లు, మధ్యమధ్య నాలుగైదు దృశ్యాలు. భయానక చిత్రానికీ ఆ అక్షరాలే దిక్కు. ఈ మూసకు బయట ఆలోచించినవారు లేకపోలేదు. 1920 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో విడుదలైన ‘డాక్టర్ కలిగరి’ చిత్రానికి ముందు, ‘నువ్వు కలిగరివి కావాలి’ అన్న అర్థం వచ్చే ఒకే ఒక్క వాక్యంతో నగరమంతా పోస్టర్లు వెలిశాయి. కలిగరి మనిషో, మందో, మతమో తెలియని ఆ ఆజ్ఞలో వివరణ లేకపోవడమే కలవరపెట్టే గుణం. భయానక ప్రచారం ఈ మెళకువను మళ్లీ అందుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది.

మాట్లాడే సినిమా వచ్చాక హెచ్చరించే మనిషి తెర ఎక్కాడు. 1931 నవంబరులో యూనివర్సల్ సంస్థ విడుదల చేసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మొదట్లోనే నటుడు ఎడ్వర్డ్ వాన్ స్లోన్ ఒక నాటకశాల తెర వెనకనుంచి వచ్చి, నిర్మాత తరఫున స్నేహపూర్వకంగా ఒక ముందుమాట చెబుతున్నానంటూ, ఈ కథ మిమ్మల్ని ఉలిక్కిపడేట్టు చేయవచ్చు, భీతిల్లజేయనూ వచ్చు, గుండె దిటవు లేనివారు ఇప్పుడే వెళ్లవచ్చు అన్న ధోరణిలో ప్రసంగిస్తాడు. ఇది సినిమాలో భాగమే గాని ట్రైలర్ కాదు. అయినా భయానక ట్రైలర్లు ఆ తర్వాత పాతికేళ్లకు పైగా అనుకరించిన మూలం ఇదే. ఈ సినిమా పేర్ల జాబితాలో రాక్షసుడి పాత్రధారి పేరు ఉండవలసిన చోట ప్రశ్నార్థకం మాత్రమే వేశారు. ఆ ప్రశ్నార్థకం వెనక ఉన్న బోరిస్ కార్లాఫ్ ఆ ఒక్క సినిమాతో లోకప్రసిద్ధుడయ్యాడు. ప్రభుత్వాలూ సెన్సారు సంస్థలూ కూడా తెలిసో తెలియకో ఈ ప్రచారానికి సాయపడ్డాయి. బ్రిటన్‌లో 1932లో భయానక చిత్రాలకు ప్రత్యేకంగా ‘హెచ్’ అనే సర్టిఫికెట్ ప్రవేశపెట్టారు. పిల్లలను దూరంగా ఉంచడానికి పుట్టిన ఆ అక్షరాన్ని థియేటర్ల వారు ఆకర్షణగా ప్రకటనల్లో అచ్చు వేసుకున్నారు.

హెచ్చరికను వ్యాపారంగా పరాకాష్ఠకు తీసుకువెళ్లినవాడు విలియం కాసిల్. తక్కువ ఖర్చుతో సినిమాలు తీసే ఈ దర్శకనిర్మాత 1958లో ‘మకాబర్’ చిత్రానికి, భయంతో ప్రాణం పోయిన ప్రేక్షకుడి వారసులకు వెయ్యి డాలర్లు చెల్లించేట్టుగా లండన్‌లోని లాయిడ్స్ ద్వారా బీమా చేయించి, ఆ సంగతినే సినిమాకన్నా పెద్దగా చాటాడు. మరుసటి ఏడాది ‘ది టింగ్లర్’ ఆడిన కొన్ని హాళ్లలో కొన్ని కుర్చీల కింద విద్యుత్తుతో గిజగిజలాడే చిన్న మోటార్లు బిగించాడు. 1961లో వచ్చిన ‘హోమిసైడల్’ పతాక సన్నివేశానికి ముందు సినిమాను కాసేపు నిలిపి, భయపడినవారు లేచి వెళ్తే డబ్బు తిరిగి ఇస్తామన్నాడు. అలా వెళ్లినవారు అందరూ చూస్తుండగా పిరికివారి మూల అని పేరు పెట్టిన చోట నిలబడవలసి వచ్చేది. ట్రైలర్లలో స్వయంగా కనిపించి, దళారీ వినయంతో జాగ్రత్తలు చెప్పే కాసిల్‌ను చూసి విమర్శకులు నవ్వుకున్నా, ఒక సంగతి అతనికి బాగా తెలుసు. జనం భయపెట్టే వస్తువు కోసం ఎంతగా వస్తారో, తమ ధైర్యాన్ని పదిమందిలో పరీక్షించుకోవడానికీ అంతగానే వస్తారు. అతని బలహీనత మరొకటి: వాగ్దానానికి తగిన సినిమా అతని దగ్గర ఎన్నడూ లేదు.

అటువంటి సినిమా చేతిలో ఉన్న మనిషి ఆ హెచ్చరించే వేషమే వేసుకుంటే ఏమవుతుందో 1960లో ‘సైకో’ ట్రైలర్ చూపించింది. 1955 నుంచి టెలివిజన్‌లో వారం వారం తన పేరుతో వచ్చే కథలకు ఉపోద్ఘాతం చెబుతూ ఇంటింటికీ పరిచయమైన ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్, ఆ మాటలు రాసిపెట్టే జేమ్స్ అలార్డిస్ చేతనే ఈ ట్రైలర్ మాటలూ రాయించాడు. నిడివి ఆరు నిమిషాలు దాటిన ఆ చిత్రంలో సినిమా నుంచి తీసిన దృశ్యం ఒక్కటీ లేదు. హిచ్‌కాక్ ఒక మోటెల్ ముందు నిలబడి, ఇళ్లు అమ్మిపెట్టే మనిషి కొనుగోలుదారుకు గదులు చూపిస్తున్నట్టు, ఆ ప్రాంగణమంతా తిప్పి చూపిస్తాడు. వెనకనుంచి వినిపించే సంగీతం తేలికగా, కొంత వేళాకోళంగా కూడా ఉంటుంది. గుట్ట మీది పాత ఇంట్లోకి వెళ్లి, రెండో హత్య ఇక్కడే, ఈ మెట్ల పైన జరిగిందని చెప్పి, శరీరం ఎలా పడిందో చేతులు తిప్పి చూపించబోయి, ఆ వర్ణన తనకే రుచించనట్టు సగంలో వదిలేస్తాడు. మోటెల్ నడిపే యువకుడి తల్లి గదిలో బీరువా తలుపు తీసి లోపలికి తొంగిచూసి మూసేస్తాడు. మోటెల్ కార్యాలయం వెనక గదిలో గోడ మీది ఒక పటాన్ని చూపి, దీనికి చాలా ప్రాముఖ్యం ఉంది, ఎందుకంటే అని మొదలుపెట్టి, మాట మార్చి, పదండి ఒకటో నంబరు గదికి వెళ్దాం అంటాడు. స్నానాలగదిలో, ఇప్పుడంతా కడిగేశారు గాని ఆ నెత్తురు చూసి ఉండవలసిందని చెబుతూనే స్నానపు తెరను పట్టుకుని ఒక్కసారి లాగుతాడు. ఒక స్త్రీ ముఖం, కేక, దాని మీద బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్ల అరుపు. ఆ ముఖం కూడా సినిమాలో ఆ చోట చనిపోయే జానెట్ లీది కాదు. కురులు మార్చి అక్కడ నిలబెట్టిన వెరా మైల్స్‌ది.

ఈ ట్రైలర్‌ను నిశితంగా చూస్తే హిచ్‌కాక్ దాచినదానికన్నా చెప్పేసినదే ఎక్కువగా కనిపిస్తుంది. హత్యలు రెండనీ, అవి ఎక్కడెక్కడ జరుగుతాయో, ఆ ఇంటి తల్లి ఎటువంటిదో, కొడుకు ఆమె చేతిలో ఎంత నలిగిపోయాడో అంతా చెప్పేశాడు. చెప్పనివి ఎవరు, ఎవరిని, ఎందుకు అన్నవే. పైగా తల్లి గురించి చెప్పిన ప్రతిమాటా ప్రేక్షకుణ్ణి అసలు రహస్యానికి ఎదురుదిక్కున నడిపిస్తుంది. హంతకురాలు వయసు మళ్లిన స్త్రీ అన్న నమ్మకంతో హాల్లో కూర్చునేట్టు చేస్తుంది. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే పుట్టేది ఉత్కంఠ, తెలియకుండా పేలితే పుట్టేది ఉలికిపాటు అని హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో విడమర్చి చెప్పిన సూత్రం చాలామందికి తెలిసినదే. ‘సైకో’ ట్రైలర్ ఆ సూత్రాన్ని మరో అడుగు ముందుకు నడిపింది: బాంబు ఉందని చెప్పింది, బల్ల ఏదో కూడా చెప్పింది, ఆ బల్ల దగ్గర కూర్చోబోయేది ఎవరో మాత్రం చెప్పలేదు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపబోమన్న నిబంధన, ఆ మాటనే చెబుతూ థియేటర్ వసారాల్లో నిలబెట్టిన హిచ్‌కాక్ అట్టబొమ్మలు ఇదే హెచ్చరికకు కొనసాగింపు. అంతకు ముందు వాన్ స్లోన్ గానీ కాసిల్ గానీ భయం గురించి చెప్పారు. హిచ్‌కాక్ ఇంపుగా మాట్లాడుతూ, మాటకూ విషయానికీ మధ్య ఉన్న ఎడంలోంచి భయాన్ని పుట్టించాడు. తెరపై మనిషి నిలబడి చేసే హెచ్చరికలో ఇంతకు మించి సాధించవలసింది మిగలలేదేమో. 1963లో ‘ది బర్డ్స్’ కోసం అతను మళ్లీ చేసిన ఉపన్యాసం చమత్కారంగా ఉంటుంది గాని దీని దరిదాపులకు రాదు.

1960ల చివరికి నేషనల్ స్క్రీన్ సర్వీస్ పట్టు సడలి, ట్రైలర్లు మాత్రమే తయారుచేసే చిన్న సంస్థలు పుట్టుకొచ్చాయి. వాటిలో ముఖ్యమైనది ఆండ్రూ కూన్ స్థాపించిన కెలైడోస్కోప్ ఫిల్మ్స్. ఈ సంస్థ చేసిన ‘జాస్’ ట్రైలర్‌లో మనిషి కనిపించడు, పెర్సీ రోడ్రిగ్స్ గొంతు మాత్రం కథలోని సొరచేప గురించి శాస్త్రవేత్తకూ పురోహితుడికీ మధ్యస్థంగా ఉండే స్వరంలో చెబుతుంది. చేప కంట పడదు. నీళ్ల అడుగునుంచి ఈదేవారి కాళ్లవైపు కదిలే కెమెరా, జాన్ విలియమ్స్ రెండు స్వరాల సంగీతం దాని పని చేస్తాయి. 1975 జూన్ 20న అమెరికాలో 400కు పైగా థియేటర్లలో ఒకేసారి విడుదల చేయడానికి ముందు మూడు రాత్రుల పాటు టెలివిజన్‌లో ముప్ఫై సెకన్ల ప్రకటనలు గుప్పించడానికి యూనివర్సల్ దాదాపు 7 లక్షల డాలర్లు వెచ్చించింది. ముప్ఫై సెకన్లలో ఉపన్యాసానికి చోటు లేదు. గొంతు క్లుప్తమై, చప్పుడు పెద్దదవడానికి ఈ కొలత కూడా ఒక కారణం.

అప్పటికే ఆ చప్పుడు ఎంత దూరం వెళ్లగలదో ఒక ప్రయోగం జరిగింది. 1973 డిసెంబరులో వచ్చిన ‘ది ఎగ్జార్సిస్ట్’ కోసం తయారుచేసిన ఒక ట్రైలర్‌లో మాట అన్నది లేకుండా, నలుపుతెలుపు ముఖాలు ఒకదాని మీద ఒకటి కన్ను చెదిరే వేగంతో వెలిగి ఆరుతుంటాయి, వెనక తీగవాద్యాలు గీరుకుంటాయి. ఆ సంగీతం రాసిన లాలో షిఫ్రిన్ తర్వాతికాలంలో చెప్పిన కథనం ప్రకారం, దాన్ని చూసిన ప్రేక్షకులు తట్టుకోలేక వాంతులు చేసుకోవడంతో స్టూడియో దాన్ని పక్కన పెట్టింది. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ అతని సంగీతాన్ని సినిమా నుంచి కూడా తప్పించాడు. వాంతుల సంగతి గ్రాంగ్ గిన్యోల్ వైద్యుడి సంగతిలాంటిదే, ప్రచారానికి పనికొచ్చే మాట కాబట్టి కొంచెం తగ్గించుకుని వినడం మంచిది. అయినా ఆ ముక్కను ఇప్పుడు చూసినా అందులో కొత్తది ఏమిటో తెలుస్తుంది. అది కథ చెప్పదు, హెచ్చరించదు, తారలను పరిచయం చేయదు. నేరుగా కళ్ల మీదా చెవుల మీదా దాడి చేస్తుంది.

1979లో ‘ఏలియన్’, 1980లో ‘ది షైనింగ్’ ఈ మార్గాన్ని స్థిరపరిచాయి. రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ ట్రైలర్‌లో సంభాషణ ఒక్కటీ లేదు. చీకటిలో ఏదో గ్రహం ఉపరితలంలా కనిపించేది నెమ్మదిగా ఒక గుడ్డు అని తేలుతుంది, అది చిట్లుతుంది, అక్కడినుంచి పరుగెత్తే మనుషులు, ఎర్రదీపాలు, సైరన్‌లా ఊళపెట్టే ధ్వని క్రమంగా వేగం పుంజుకుంటాయి. సినిమాలోని గుడ్డుకూ ఈ గుడ్డుకూ పోలికే లేదు. అంతరిక్షంలో కేక వేసినా ఎవరికీ వినపడదన్న భావంతో బార్బరా గిప్స్ రాసిన ప్రచారవాక్యం చివర్లో అక్షరాలుగా మాత్రమే తెర మీదికి వస్తుంది; కేక గురించిన ఆ వాక్యాన్ని ఎవరూ చదివి వినిపించకపోవడం ఆలోచించి చేసిన పనే. స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ టీజర్ మరీ నిరాడంబరమైనది. టీజర్ అంటే ట్రైలర్‌కు ముందు ఊరించడానికి విడుదల చేసే చిన్న ముక్క. ఒక హోటల్ వసారా, ఎదురుగా మూసి ఉన్న రెండు లిఫ్టు తలుపులు, రెండు కుర్చీలు. కెమెరా కదలదు. సినిమా పేరు, నటుల పేర్లు కింద నుంచి పైకి పాకుతుంటాయి. వెండీ కార్లోస్ సంగీతం ఈగల గుంపు దగ్గరవుతున్నట్టు పెరుగుతూ ఉంటుంది. నిమిషం పైచిలుకు సమయంలో సగానికి పైగా ఏమీ జరగదు. జరగకపోవడాన్ని చూస్తూ ప్రేక్షకుడు తలుపులను, కుర్చీలను, మూలలను వెతుక్కోవడం మొదలుపెడతాడు. అప్పుడు ఒక తలుపు సందులోంచి నెత్తురు పొంగి, కుర్చీలను కదిలించుకుంటూ వచ్చి కెమెరాను కప్పేస్తుంది. అమెరికాలో 1968 నుంచి సినిమాలకు వయసుల వారీ వర్గీకరణ ఉంది. అప్పట్లో అందరికీ చూపదగిన ట్రైలర్ మొదట ఆకుపచ్చ చీటీ ఒకటి పడేది. అటువంటి ట్రైలర్‌లో నెత్తురు చూపించకూడదు గనక, అది తుప్పునీళ్లని చెప్పి కుబ్రిక్ బృందం అనుమతి సంపాదించిందన్నది సినీవర్గాల్లో పదేపదే వినిపించే మాట.

గొంతు ఖాళీ చేసిన చోటును ధ్వని ఎలా నింపిందో ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. భరతుడి నాట్యశాస్త్రం భయానక రసానికి కారణాలను చెప్పేటప్పుడు వికృతమైన ధ్వనినీ, ప్రేతాదులు కనపడడాన్నీ, పాడుబడ్డ ఇంట్లోకీ అడవిలోకీ వెళ్లడాన్నీ పేర్కొంటూ, ధ్వనినే ముందు నిలిపింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డానియల్ బ్లూమ్‌స్టైన్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ధ్వని ఎందుకు అంతగా భయపెడుతుందన్న ప్రశ్నకు జీవశాస్త్రం వైపునుంచి ఒక సమాధానం సూచించింది. మార్మోట్లు అనే కొండ ఉడుతజాతి జంతువుల అరుపులను అధ్యయనం చేసే ఈ శాస్త్రవేత్త, ప్రాణభయంతో అరిచే జంతువు గొంతు తన సహజ పరిమితిని దాటి బొంగురుపోయి, ఒక్కసారిగా శ్రుతి తప్పుతుందనీ, 102 సినిమాల ధ్వనిని విశ్లేషించినప్పుడు భయానక చిత్రాల్లో ఇటువంటి చెదిరిన ధ్వనులు ఎక్కువగా వాడారనీ చూపించాడు. హెర్మన్ వయొలిన్లు పలికింది అదే. రిచర్డ్ వాటర్స్ 1960ల చివర్లో రూపొందించిన వాటర్‌ఫోన్ పలికేదీ అదే. కొద్దిగా నీళ్లు పోసిన ఉక్కుగిన్నె అంచు చుట్టూ పొట్టీ పొడుగూ కంచుకడ్డీలు నిలబెట్టి, వాటిని కమానుతో రాస్తే, నీరు కదిలినకొద్దీ స్వరం జారిపోతూ ఉంటుంది. ట్రైలర్ ఎడిటర్లు వీటికి తోడు రైజర్ అనే సాధనాన్ని విరివిగా వాడతారు. స్థాయీ శ్రుతీ కొన్ని సెకన్ల పాటు ఆగకుండా పెరుగుతూ పోయే ధ్వని అది. అది తీరవలసిన చోట తీరకుండా ఠక్కున తెగిపోతుంది. ఒకటి రెండు సెకన్ల నిశ్శబ్దం. ఏదో తలుపు, ఏదో ముఖం ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ తర్వాత స్టింగర్, అంటే గుండె మీద కొట్టినట్టు వచ్చే ఒక్క దెబ్బ. ఈ వరస ఇప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, నిశ్శబ్దం మొదలవగానే భుజాలు బిగించుకునే ప్రేక్షకుణ్ణి ఏమార్చడానికి దెబ్బను అర సెకను ఆలస్యం చేయడమో, రెండో నిశ్శబ్దంలోకి జరపడమో చేయవలసి వస్తోంది. వృత్తి తన మెళకువకు తానే బందీ అయిన స్థితి ఇది.

1999లో హెచ్చరిక మరో రూపంలో తిరిగి వచ్చింది. డానియల్ మిరిక్, ఎడువార్డో సాంచెజ్ తీసిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ కోసం ఏడాది ముందే ఒక వెబ్‌సైట్ తెరిచి, మేరీలాండ్ అడవుల్లో ముగ్గురు విద్యార్థులు మాయమయ్యారనీ, దొరికినవి వారు తీసిన టేపులు మాత్రమేననీ నిజమైన కేసులా నడిపించారు; కనపడుటలేదు అన్న పోస్టర్లు కూడా అంటించారు. ట్రైలర్‌లో వ్యాఖ్యాత స్థానాన్ని బాధితురాలు ఆక్రమించింది. తన కెమెరాను తన ముఖానికే చేరువగా పెట్టుకుని ఏడుస్తూ క్షమాపణ చెప్పే ఆమె ముఖం సగం తెర బయటే ఉంటుంది. చాలా తక్కువ ఖర్చుతో తీసిన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా సుమారు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. పదేళ్ల తర్వాత, దాదాపు 15 వేల డాలర్లతో ఓరెన్ పేలీ తన సొంత ఇంట్లోనే తీసిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ ట్రైలర్ ఆ కెమెరాను పూర్తిగా వెనక్కి తిప్పింది. అందులో సినిమా దృశ్యాల కన్నా గుర్తుండేవి హాల్లోని ప్రేక్షకులు: చీకట్లో చూడగల కెమెరాతో తీసిన ఆకుపచ్చ ముఖాలు, కళ్ల మీద చేతులు, పక్కవారి భుజాల్లోకి దూరే తలలు. భయం ఎంత అన్నదానికి సాక్ష్యం చెప్పే పని తెర మీద ఎవరికీ మిగలలేదు, సాక్షులు కుర్చీల్లోనే ఉన్నారు.

ఈ సాక్ష్యపు తంతు తెలుగువారికి పరిచయమైంది రాంగోపాల్ వర్మ ద్వారా. 1992లో తెలుగులో ‘రాత్రి’గా, హిందీలో ‘రాత్’గా వచ్చిన చిత్రం నుంచి భయానకాన్ని వదలని ఈ దర్శకుడు, చేతబడి ఇతివృత్తంగా 2008లో ‘ఫూంక్’ తీసినప్పుడు, థియేటర్‌లో ఒంటరిగా కూర్చుని సినిమా మొత్తం చూడగలిగినవారికి 5 లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించాడు. గుండె వేగం కొలిచే పరికరం తగిలించుకుని చూడాలన్నది అందులోని షరతు. ‘తులసిదళం’ నవల రోజులనుంచి చేతబడి కథలకు అలవాటుపడ్డ తెలుగు ప్రేక్షకులకు అదే కథ ‘రక్ష’ పేరుతో వచ్చింది. కాసిల్ బీమా పత్రానికీ వర్మ బహుమానానికీ మధ్య యాభై ఏళ్ల ఎడం ఉన్నా బేరం మాత్రం ఒకటే, అక్కడ చచ్చిపోతే డబ్బు, ఇక్కడ బతికి బయటపడితే డబ్బు. మనదేశంలో థియేటర్‌లో వేసే ట్రైలర్‌కు కూడా సెన్సారు సర్టిఫికెట్ కావాలి కనుక, భయాన్ని దృశ్యాల్లో కన్నా ఇటువంటి సవాళ్లలో చూపించడం నిర్మాతకు తేలిక కూడా.

ట్రైలర్ చూసే చోటు థియేటర్ నుంచి ఫోనుకు మారాక పద్ధతులు మరికొంత మారాయి. స్టీఫెన్ కింగ్ నవల ఆధారంగా తీసిన ‘ఇట్’ తొలి టీజర్ 2017లో విడుదలైన 24 గంటల్లో 19 కోట్ల 70 లక్షల వీక్షణలు పొంది అప్పటికి రికార్డు సృష్టించింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా చూసేవాడికి ధ్వని మరీ చేరువైంది. 2018 క్రిస్మస్ నాడు వచ్చిన జోర్డన్ పీల్ ‘అస్’ ట్రైలర్‌లో, లూనిజ్ బృందం 1995లో పాడిన హుషారైన పాటను నెమ్మదించి, తీగవాద్యాలతో చీల్చి వినిపించారు. దానికి వచ్చిన స్పందన చూసి ఆ రూపాన్ని సినిమాలోనే చేర్చారు. ట్రైలర్ సినిమాను మార్చిన అరుదైన సందర్భం ఇది. తెలిసిన పాటను తెలియనిదిగా మార్చడం ఆ తర్వాత ప్రతి రెండో ట్రైలర్‌కూ అంటుకుని విసుగు పుట్టించే దశకు చేరిందన్నది వేరే సంగతి.

2024లో ఓస్‌గుడ్ పెర్కిన్స్ ‘లాంగ్‌లెగ్స్’ చిత్రానికి పంపిణీ సంస్థ నియాన్ చేసిన ప్రచారంలో ఈ చరిత్రలోని పొరలన్నీ ఒకచోట కనిపిస్తాయి. దర్శకుడు, ‘సైకో’లో ఆ కొడుకు పాత్ర వేసిన ఆంథొనీ పెర్కిన్స్ కుమారుడు. తొలి టీజర్లలో సినిమా పేరు కూడా లేదు; హంతకుడి పాత్రధారి నికొలస్ కేజ్ ముఖాన్ని విడుదల దాకా దాచారు, 1931లో కార్లాఫ్ పేరును ప్రశ్నార్థకం వెనక దాచినంత పట్టుదలగా. అంతటితో ఆగక, కథానాయిక మైకా మన్రో ఆ వేషంలో కేజ్‌ను మొదటిసారి చూసినప్పుడు రికార్డు చేసిన గుండె చప్పుడును ఒక ప్రచారచిత్రంగా విడుదల చేశారు. మామూలు వేగంతో మొదలయ్యే ఆ చప్పుడు నిమిషానికి 170 దాకా పెరుగుతుంది. వ్యాఖ్యానం లేని ఆ ముక్క, కాసిల్ బీమా పత్రం, వర్మ పరికరం చేసిన పనినే చేసింది. కోటి డాలర్ల లోపు ఖర్చుతో తీశారని చెప్పిన ఆ చిత్రం 12 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.